వేసవి మొదట్లో మెట్ట నేలల పక్షులు: బేతంచెర్ల దగ్గర చూసిన రెండింటి పేర్లు, రోళ్ళపాడు గురించి సలహా కావాలి

ప్రశ్న: తుంగభద్ర_తీరం (కర్నూలు)

మిత్రులందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. చలికాలమంతా వీలు దొరికినప్పుడల్లా సుంకేసుల ఆనకట్టకు, గార్గేయపురం చెరువుకు వెళ్ళి బాతులను, కొంగలను చూస్తూ వచ్చాను. ఇప్పుడు మార్చి సగం దాటింది. వలస బాతులు దాదాపుగా వెళ్ళిపోయాయి, చెరువు అంచులు ఎండి నెర్రెలు విచ్చుతున్నాయి. ఇక తొలకరి దాకా చూడవలసినదేమీ ఉండదని తోటి మిత్రులు కొందరు బైనాక్యులర్లు లోపల పెట్టేశారు. ఆ మాట నిజమేనా అన్న సందేహం పోయిన ఆదివారం కలిగింది.

బేతంచెర్ల దగ్గర బంధువుల ఊరికి వెళ్ళినప్పుడు, పని ఆగిపోయిన ఒక నాపరాళ్ళ గనిలో నిలిచిన నీటి దగ్గర ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో కొన్ని పక్షులు దిగాయి. పావురమంత ఉన్నాయి, మట్టి రంగులో ఉన్నాయి, రెక్కలు కోసుగా ఉన్నాయి, తోక చివర సూది లాంటి సన్నని ఈక ఉంది. చాలా వేగంగా, రెండక్షరాల కూత ఒకటి వేసుకుంటూ జట్లుగా వచ్చాయి. నీటికి కాస్త ఎడంగా బండ మీద దిగి, కదలకుండా కొంతసేపు చూసి, తరువాత అంచుకు నడిచి నీరు తాగి ఒక్కసారిగా లేచిపోయాయి. వాటిలో ఒకటి మాత్రం పొట్ట మునిగేదాకా నీటిలోకి దిగి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ చాలాసేపు అలాగే కూర్చుంది. అది స్నానం చేస్తున్నట్లు లేదు. రెక్కలు తడపలేదు, తల ముంచలేదు.

రెండవది, శనగ కోసిన తరువాత బీడుగా వదిలిన పొలంలో కనిపించింది. పొడవైన పసుపు కాళ్ళు, నల్లని నెత్తి, కంటికి ముందు పసుపు రంగు కండ వేలాడుతున్నట్లు ఉంది. నేను గట్టు దిగగానే అరుస్తూ నా చుట్టూ తిరిగి, కొంత దూరంలో దిగి, నాలుగడుగులు పరుగెత్తి నిలబడి మళ్ళీ అరిచింది.

ఈ రెండింటి పేర్లు తెలిసినవారు చెప్పగలరు. అలాగే ఏప్రిల్ మొదటి వారంలో తొమ్మిదో తరగతి పిల్లలను కొందరిని రోళ్ళపాడు పక్షుల అభయారణ్యానికి తీసుకుపోదామని ఉంది. ఈ కాలంలో అక్కడ బట్టమేక పక్షి కనిపించే అవకాశం ఉందా? కడప వైపు కలివికోడిని చూపించేవారు ఎవరైనా ఉన్నారా? వేసవిలో పిల్లలకు చూపించదగిన చోటు మన రాయలసీమలో వేరే ఏదైనా ఉంటే అదీ చెప్పండి.


జవాబు: ఎర్రనేల (అనంతపురం)

మాస్టారు గారూ, మీరు ఎంత శ్రద్ధగా చూశారంటే పేరు చెప్పడం కష్టం కాలేదు. మొదటిది పోలంక, అందులోనూ జాంపోలంక అనే రకం. ఇంగ్లీషు పుస్తకాలలో చెస్ట్‌నట్ బెల్లీడ్ శాండ్‌గ్రౌస్ అని ఉంటుంది. సూది తోక, మట్టి రంగు ఒళ్ళు, పొద్దెక్కిన తరువాత నీటికి రావడం, ఈ మూడూ కలిస్తే ఇక అనుమానం అక్కరలేదు. పోలంకలలో ఇంకో రకం ఉంది, ఒంటి నిండా చారలతో అందంగా ఉంటుంది. అది మునిమాపు చీకటిలోనో, తెల్లవారకముందో నీటికి వస్తుంది కాబట్టి ఎనిమిదిన్నరకు మీకు కనిపించదు.

మన రైతులు కొందరు దీన్ని అడవి పావురం అనుకుంటారు, కొందరు కౌజు అనుకుంటారు. కౌజు పిట్ట ప్రమాదం చూస్తే ముందు పరుగెత్తుతుంది, తప్పనిసరి అయితేనే ఎగురుతుంది. పోలంక నేల మీద కదలకుండా ఒదిగిపోయి, ఇక లాభం లేదనుకున్నప్పుడు ఒక్క ఊపున లేచి కనుచూపు దాటిపోతుంది. ఎండిన గింజలే దీని ఆహారం. వాటిలో తేమ ఏమాత్రం ఉండదు కనుక రోజూ నీటి కోసం ఎంత దూరమైనా ఎగిరి రావలసిందే. అంచున పొదలు లేని, నాలుగు వైపులా కనిపించే నీటినే ఎంచుకుంటుంది, ఎందుకంటే నక్క, పిల్లి, డేగ, అన్నీ నీటి దగ్గరే కాపు వేస్తాయి. చదునైన బండల మధ్య నీరు నిలిచే మీ నాపరాళ్ళ గని దానికి చక్కగా సరిపోయింది.

పొట్ట ముంచి కూర్చున్నదాని గురించి మీరు రాసిన వాక్యం చదివి నాకు చాలా సంతోషం కలిగింది. అది మగ పక్షి, పిల్లల కోసం నీరు పట్టుకుంటోంది. మగ పోలంక పొట్ట మీది ఈకల నిర్మాణం మిగతా పక్షుల ఈకల వంటిది కాదు. వాటిలోని సన్నని పోగులు పొడిగా ఉన్నప్పుడు చుట్టుకొని పడుకొని ఉంటాయి. నీరు తగలగానే విచ్చుకొని నిలబడి, స్పాంజి లాగా నీటిని పట్టి ఉంచుతాయి. అలా తడిసిన పొట్టతో అది ఎగిరి గూటి దగ్గర దిగి నిటారుగా నిలబడితే, పిల్లలు కిందికి చేరి ఈకలను ముక్కులతో జుర్రుకుంటాయి. పిల్లలు గుడ్డు నుంచి బయటపడ్డాక కొద్ది గంటలలోనే నడుస్తాయి, సొంతంగా గింజలు ఏరుకుంటాయి, కాని ఎగరలేవు కనుక నీటికి తండ్రే దిక్కు. దారిలో ఎండకు, గాలికి కొంత నీరు ఆవిరైపోయినా మిగిలినది వాటికి చాలుతుంది. అంటే మీ బంధువుల ఊరి చుట్టుపక్కల ఏదో బీడులో ఇప్పుడు పోలంక పిల్లలు ఉన్నాయన్నమాట. వేసవిలో చూడవలసినదేమీ లేదన్న మీ మిత్రులకు ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

ఇక రెండవది తీతువు. మన వైపు తీతువులు రెండు రకాలు. చెరువు గట్ల మీద, కాలువల పక్కన రాత్రిపూట కూడా అరుస్తూ అందరికీ తెలిసినది కంటి ముందు ఎర్రకండ ఉన్న రకం. మీరు చూసినది పసుపు కండ తీతువు. అది నీటికి దూరంగా, ఎండిన మెట్టలలోనే ఉంటుంది. మా ఎర్రనేలలలో వేరుశనగ తీసేసిన తరువాత బీడు పడిన చేలన్నీ దానివే. మార్చి నుంచి అది గుడ్లు పెట్టే కాలం. మీరు గట్టు దిగగానే అలా అరిచిందంటే గూడు దగ్గరలోనే ఉంది. గూడు అంటే పుల్లలతో కట్టినది కాదు, నేల మీద చిన్న పల్లం, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో మట్టి రంగు మచ్చల గుడ్లు. కాలి దగ్గర ఉన్నా మనకు కనిపించవు.

ఈ పక్షి విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. చలి దేశాలలో పక్షి గుడ్ల మీద కూర్చునేది వెచ్చదనం కోసం. మన మెట్టలలో మధ్యాహ్నం అది కూర్చునేది, కొన్నిసార్లు కాళ్ళు చాచి నిలబడేది గుడ్ల మీద నీడ పడడం కోసం. మధ్యమధ్యలో నీటికి పోయి పొట్ట తడుపుకొని వచ్చి ఆ తేమతో గుడ్లను చల్లబరుస్తుంది. ఫోటో కోసం మనం అక్కడే తచ్చాడుతూ ఉంటే అది గూటికి రాదు, ఆ కాసేపటికే గుడ్లు ఎండకు ఉడికిపోవచ్చు. కాబట్టి తీతువు అరిస్తే వచ్చిన దారినే వెనక్కు తిరగడం మర్యాద. గట్టు మీద ఏదైనా చెట్టు నీడన కూర్చుని దూరం నుంచి చూస్తే, అది మెల్లగా, దొంగచూపులు చూస్తూ నడుచుకుంటూ గూటికి చేరడం, కూర్చునే ముందు గుడ్లను ముక్కుతో సర్దుకోవడం మీకే కనిపిస్తుంది.


జవాబు: మెట్ట_పొలం (నందికొట్కూరు)

రోళ్ళపాడు మాకు దగ్గర కనుక ఆ సంగతి నేను చెబుతాను. పిల్లలకు బట్టమేకను చూపిస్తానని మాత్రం మాట ఇవ్వకండి. అక్కడ అది కనిపించి చాలా ఏళ్ళయింది. ఆ పక్షి కోసమే 1988లో దాదాపు 614 హెక్టార్లలో అభయారణ్యం ఏర్పాటు చేశారు. ఒకప్పుడు అది కర్నూలు జిల్లాకే గర్వకారణం. మీటరు ఎత్తు, పది పదిహేను కిలోల బరువు ఉండే మగ పక్షి తొలకరి పచ్చికలో గొంతు సంచి ఉబ్బించి నిలబడే దృశ్యాన్ని చూసిన పెద్దలు మా ఊళ్ళలో ఇంకా ఉన్నారు.

అది ఎందుకు పోయిందో పిల్లలకు చెప్పడం మంచిది. అభయారణ్యం కంచె లోపలి గడ్డి ఒక్కటే దానికి ఎప్పుడూ సరిపోలేదు. చుట్టూ ఉన్న వర్షాధార చేలు, గొర్రెలు మేసే బీళ్ళు అన్నీ కలిపే దాని ఇల్లు. జొన్న, కొర్ర వేసే చేలలో మిడతలు, పురుగులు దొరికేవి. పక్కనే అలగనూరు జలాశయం, సాగు కాలువలు వచ్చాక ఆ చేలు తడి పంటలుగా మారాయి, పురుగుమందుల వాడకం పెరిగింది, మనుషుల రాకపోకలు పెరిగాయి. లోపలేమో కృష్ణజింకలు బాగా పెరిగి పంటల మీద పడడంతో, అభయారణ్యం అంటేనే చుట్టుపక్కల రైతులకు విముఖత కలిగింది. రైతును తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. నీళ్ళు వస్తే ఎవరు వద్దంటారు? కాని ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టి, దాన్ని నేల మీదే పొదిగే పక్షికి ఇన్ని మార్పులను తట్టుకునే శక్తి లేదు. ఇప్పుడు దేశంలో మిగిలిన వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాయి.

బట్టమేకకు చుట్టమైన నేలనెమలి (లెస్సర్ ఫ్లోరికన్) కోసం కూడా ఏప్రిల్‌లో రావద్దు. అది వానలు పడి గడ్డి మోకాలెత్తు పెరిగాక వస్తుంది. మగది గడ్డిలోంచి పైకి గెంతి రెక్కలు ఆడించి మళ్ళీ గడ్డిలో పడడం జూలై, ఆగస్టు నెలల సంగతి. చలికాలమంతా సాయంత్రాలు ఇక్కడి గడ్డిలో పదుల సంఖ్యలో దిగి నిద్రపోయే హారియర్ డేగలు కూడా ఏప్రిల్ మొదటికి మధ్య ఆసియా దారి పడతాయి. మీరు త్వరగా వస్తే ఆఖరివి ఒకటి రెండు దొరకవచ్చు.

మరి ఏముంటాయంటే, నేలను అంటిపెట్టుకుని బతికేవన్నీ ఉంటాయి. కౌజులు తెల్లవారగానే పోటీపడి కూస్తాయి. ఇండియన్ కోర్సర్ అనే పరుగుల పక్షిని తప్పకుండా వెతకండి. రాగి రంగు రొమ్ము, కంటి మీదుగా తెల్లని గీత, నల్లని గీత, తెల్లని కాళ్ళు; దున్నిన చేలో గబగబా పరుగెత్తి, ఆగి, వంగి పురుగును ఏరుకుని మళ్ళీ పరుగెత్తుతుంది. దానికీ ఇది గుడ్లు పెట్టే కాలమే. పిచ్చుకంత ఉండి, నెత్తి బూడిద రంగులో, పొట్ట నల్లగా ఉండే చిన్న భరత పక్షి ఒకటి ఉంది. మగది నిట్టనిలువుగా పైకి లేచి, రెక్కలు ముడిచి రాయి పడినట్టు కిందికి జారి, నేల తాకబోయే ముందు మళ్ళీ లేస్తుంది. పిల్లలు దాన్ని చూస్తే ఇక మీ మాట వినరు, అక్కడే కూర్చుంటారు. పాలపిట్టలు కూడా ఈ నెలలలోనే జతకట్టి, ఆకాశంలో పల్టీలు కొడుతూ కీచుగా అరుస్తాయి.

ఉదయం ఆరింటికల్లా అక్కడ ఉండాలి, తొమ్మిదిన్నరకు తిరుగు ప్రయాణం కట్టాలి. ఆ తరువాత ఎండ పిల్లలకూ మంచిది కాదు, పక్షులూ నీడ పట్టి కనిపించవు. గడ్డి ఈ కాలంలో నిప్పు రవ్వ పడితే చాలు అంటుకుంటుంది కనుక వంట సామాను తేవద్దు, అటవీ శాఖ వారికి ముందుగా చెప్పి అనుమతి తీసుకుని రండి.


జవాబు: పెన్న_ఒడ్డు (సిద్ధవటం)

కలివికోడి గురించి అడిగారు కనుక రాస్తున్నాను. దాన్ని చూపించేవారు ఎవరూ లేరు, ఎవరైనా చూపిస్తామని చెప్పినా దయచేసి వెళ్ళకండి. దాన్ని వెతకడమంటే రాత్రిపూట టార్చి లైట్లతో పొదల మధ్య తిరగడం. ఇంత అరుదైన పక్షికి అంతకంటే చేటు లేదు. పైగా లంకమల అభయారణ్యంలో రాత్రి ప్రవేశానికి అనుమతి ఉండదు; ఎర్రచందనం దొంగల బెడద వల్ల నిఘా కూడా గట్టిగా ఉంటుంది.

పిల్లలకు మాత్రం దాని కథ చెప్పండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అందరూ నమ్మారు. 1986 జనవరిలో మా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో ఒక స్థానికుడికి రాత్రిపూట టార్చి వెలుగులో చిక్కింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అప్పటికే ఇక్కడ వెతుకుతున్న భరత్ భూషణ్ దాన్ని గుర్తించారు. 85 ఏళ్ళకు పైగా పుస్తకాలలోనే ఉన్న పక్షి అడవి జనానికి తెలిసినదే కావడం నాకు ఇప్పటికీ అబ్బురంగా ఉంటుంది. ఆ తరువాతనే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారిని కూడా దీని కోసం మార్చారు.

జానెడు కంటే కొంచెం పెద్దదైన ఈ పక్షి పగలు పొదల నీడన కదలకుండా ఉండి, చీకటి పడ్డాక తిరుగుతుంది. రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు దాని గుర్తు. మరీ దట్టమైన అడవి దానికి పనికిరాదు, మరీ ఖాళీ నేలా పనికిరాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి చోటున్న చిట్టడవి కావాలి. మేకలు, పశువులు మితంగా మేసే చోట ఆ ఖాళీలు నిలిచి ఉంటాయి. మేత పూర్తిగా ఆగినా, మితిమీరినా దానికి నష్టమే. పరిశోధకులు కూడా దాన్ని వెంటాడలేదు. నేలను చదును చేసి మెత్తని మట్టి పరిచి మరునాడు కాలిగుర్తులు చూడడం, పొద్దుగూకిన తరువాత కొద్దిసేపే వినిపించే కూతను పట్టుకోవడం, వాటంతట అవే ఫోటో తీసే కెమెరాలు పెట్టడం, ఇలాగే పని చేశారు. మీరు రోళ్ళపాడులో ఇండియన్ కోర్సర్‌ను చూపిస్తే, కలివికోడికి దగ్గరి చుట్టాన్ని చూపించినట్టే.

ఇంకొక పక్షి విషయం చెప్పి ముగిస్తాను. ఏప్రిల్, మే నెలలలో మీ ఇంటి పెరట్లోనో, బడి ఆవరణలోనో ఆకుపచ్చ వీపు, నీలి రెక్కలు, తోక కింద కుంకుమ రంగు, మొండి తోకతో ఉన్న పిట్ట ఏదైనా సొమ్మసిల్లి కనిపిస్తే, అది పొన్నంగి. చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, రాత్రిపూట ప్రయాణం చేస్తూ ఉత్తరాదికి పోతుంది. దారిలో అలసిపోయి పట్టణాలలో కూడా దిగుతుంది. పట్టుకుని నోట్లో నీళ్ళు పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోతాయి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, చీకటిగా, పిల్లులకు అందకుండా ఉంచి, సాయంత్రం చెట్ల దగ్గర మూత తీస్తే చాలా వరకు తనే ఎగిరిపోతుంది. గాయం ఉంటే అటవీ శాఖ వారికి అప్పగించండి.


తుంగభద్ర_తీరం

అందరికీ కృతజ్ఞతలు. రోళ్ళపాడుకు ఉదయం ఆరింటికే చేరేలా ఏర్పాటు చేసుకుంటాను, బట్టమేక మాట పిల్లల దగ్గర ముందే వివరంగా చెబుతాను. ఎర్రనేల గారికి ఒక ప్రశ్న. మా బంధువుకు ఫోను చేసి తీతువు సంగతి చెబితే, ఆయన గట్టు మీద నుంచే కనిపెట్టి గూట్లో నాలుగు గుడ్లు ఉన్నాయన్నారు. అయితే ఏప్రిల్ మొదటి వారంలో ట్రాక్టరుతో వేసవి దుక్కి చేయించాలట. గుడ్లను గంపలో పెట్టి పక్క బీడులోకి మార్చవచ్చా అని అడుగుతున్నారు.


ఎర్రనేల

మార్చవద్దని చెప్పండి. చోటు మారితే తల్లి వాటిని గుర్తించకపోవచ్చు, గుర్తించే లోపల ఎండ కొట్టేస్తుంది. నాలుగు గుడ్లూ పెట్టిందంటే పొదగడం మొదలైనట్టే. దాదాపు 28 రోజులలో పిల్లలు వస్తాయి, వచ్చిన రోజే తల్లి వెంట నడిచిపోతాయి. దుక్కి మూడు వారాలు ఆగగలిగితే అంతకంటే మేలు లేదు. ఆగలేకపోతే గూటి చుట్టూ మంచమంత నేల వదిలి దున్నమనండి. ట్రాక్టరు నడిపేవాడికి తెలియడానికి నాలుగు వైపులా రాళ్ళు పెట్టాలి. రంగు గుడ్డలు కట్టిన కర్రలు నాటితే కాకులకు దారి చూపించినట్టవుతుంది. దున్నే పని చల్లని పూట ముగిస్తే తల్లి తిరిగి రావడానికి వీలుంటుంది. మా వైపు రైతులు చాలామంది ఇలా వదిలి దున్నుతారు. గొర్రెల మంద ఆ చేలో దిగకుండా కూడా చూసుకోమనండి. గూడు ఉన్న చోటు ఫోటోతో సహా వాట్సాప్ గ్రూపులలో పెట్టవద్దని ఆయనకూ, పిల్లలకూ చెప్పండి.

పోలంకలు వచ్చిన వేళ, జట్టులో ఎన్ని ఉన్నాయి, ఎటు వైపు నుంచి వచ్చాయి అన్నవి రాసిపెట్టి, పక్షులను చూసినవారు వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చేర్చండి. ఆ గని నీరు ఎప్పుడు ఎండిపోయిందో కూడా మీ బంధువును గమనించమనండి.


జవాబు: చింతతోపు (హిందూపురం)

పిల్లలకు వేసవిలో చూపించదగిన చోటు అడిగారు కదా మాస్టారు, దూరమైనా మా వైపు వీరాపురానికి తీసుకురండి. చిలమత్తూరు మండలంలో చిన్న పల్లె. ఊరి మధ్యలో, ఇళ్ళ పక్కన ఉన్న చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. వీటిని పత్రికలలో సైబీరియా పక్షులని రాస్తుంటారు, అది నిజం కాదు. ఇవి మన దేశపు పక్షులే. చెరువులలో నీరు, చేపలు ఎక్కడుంటే అక్కడికి చేరి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగరగానే చెదిరిపోతాయి. చలికాలంలో వస్తాయి, వేసవి అంతా పిల్లలను పెంచి వానల నాటికి వెళతాయి.

ఏప్రిల్‌లో వస్తే గూటి నిండా పిల్లలు ఉంటాయి. పెద్దవాటికి పసుపు ముక్కు, నారింజ రంగు ముఖం, రెక్కల చివర గులాబి రంగు ఉంటే, పిల్లలు మాసిన బూడిద రంగులో ఉంటాయి. మిట్టమధ్యాహ్నం తల్లి గానీ తండ్రి గానీ సూర్యుడికి వీపు పెట్టి, రెండు రెక్కలూ పందిరి పరిచినట్టు చాచి పిల్లలకు నీడ పడుతుంది. పొద్దు జరిగే కొద్దీ అదీ తిరుగుతుంది. పైన ఉన్న గూళ్ళను కింది నుంచి కంటితోనే చూడవచ్చు, బైనాక్యులర్లు లేని పిల్లలకు కూడా ఇబ్బంది లేదు.

ఊరివాళ్ళు ఆ చెట్ల కొమ్మ కొట్టరు, చింతకాయల కోసం గూళ్ళను కదిలించరు. ఇంటి ముందు పడే రెట్టల వాసనను, అరుపులను భరిస్తూ తరాలుగా కాపాడుకుంటున్నారు కనుక, వచ్చినవాళ్ళు ముందు వాళ్ళను పలకరించి, ఎక్కడ నిలబడితే పక్షులు బెదరవో వాళ్ళనే అడగాలి. ఈ మధ్య చుట్టుపక్కల చెరువులు నిండని ఏడాది పక్షులు తక్కువగా వస్తున్నాయి, కాబట్టి బయలుదేరే ముందు ఆ ఏడాది నీరు ఎలా ఉందో కనుక్కోండి. ఉదయం వీరాపురం చూసుకుని, ఎండవేళకు లేపాక్షి గుడి నీడకు చేరితే పిల్లలకు ప్రయాణ బడలిక తెలియదు.